బండి లేదన్న మాట

యానాం కనకాలపేటలో జోసెఫిన్ ఇంటి ఫోను రెండోసారి మోగడం ఎవరూ వినలేదు. మొదటి మోతకే ఎత్తుతుంది. చేపలు తోముతూ ఉంటే పొలుసు చేత్తోనే ఎత్తుతుంది. ప్రార్థనలో ఉంటే మధ్యలో ఆపి ఎత్తుతుంది. హలో అనదు. "బండి వస్తంది. ఎక్కడ?" అంటుంది. ముందు వస్తుందని చెప్పాలి, ఆ తర్వాతే ఎక్కడని అడగాలి. ఈ వరస తారుమారు చేసేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. అవతల మనిషి గిలగిల్లాడుతుంటే పేరేంటి, ఇంటి నంబరేంటి అని అడిగేవాళ్ల నోట్లో ఉప్పు కొట్టాలంటుంది.

అరవై ఏడేళ్ల మనిషి. చదువు రెండో తరగతిలో ఆగిపోయింది. తన పేరు రాసుకోగలదు, ఫోను మీద అంకెలు చదవగలదు, అబద్ధాలాడే మొహాన్ని ఆమడ దూరం నుంచి పోల్చగలదు. మార్కెట్లో కూర్చుని నలభై ఏళ్లు చేపలమ్మింది. ఆవిడ కోపం పుట్టుకతో వచ్చిందనుకుంటారు ఊళ్లోవాళ్లు. కాదు. ఆ కోపానికి ఒక రోజుంది, ఒక వేళుంది.

పదిహేడేళ్ల కిందట, నడిఎండలో, వల బాగు చేసుకుంటున్న ఆవిడ మొగుడు ఏబెల్ గుండె పట్టుకుని వల మీదే ఒరిగిపోయాడు. ఆసుపత్రి బండి అప్పుడే ఇంకో రోగిని ఎక్కించుకుని కాకినాడ వెళ్లింది. అది ఎవరి తప్పూ కాదు, ఆ సంగతి జోసెఫినే చెబుతుంది. ఆవిడ వీధి చివరికి పరిగెత్తింది. అక్కడ పెళ్లిళ్లకి కార్లు తిప్పేవాడు ఒకడుండేవాడు. వాడి వాకిట్లో కడిగి, తుడిచిన తెల్ల కారు అద్దంలా మెరుస్తోంది.

"బండి లేదమ్మా" అన్నాడు వాడు, బండి పక్కనే నిలబడి.

"ఇదేంటి మరి?"

"ఇది రేపు పెళ్లికూతురు ఎక్కాల్సిన బండి. దారిలో మీ ఆయనకి ఏదన్నా అయ్యిందనుకో, తర్వాత నా కారు ఎవరెక్కుతారు చెప్పు?"

జోసెఫిన్ వాడితో వాదించలేదు. వాదించడానికి అప్పటికి ఆవిడకి నోరు రాలేదు. మార్కెట్ చేపల రిక్షా తెచ్చింది. దాంట్లో ఐసు ఊడ్చేసి, గోనె పరిచి, ఏబెల్‌ని పడుకోబెట్టింది. తను తొక్కుతుంటే పక్క కొట్టు విజయకుమారి వెనకనుంచి తోసింది. ఆసుపత్రి దగ్గర డాక్టరు నాడి చూసి, తల దించుకుని, "ఒక్క అరగంట ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నాడు.

ఏబెల్ చొక్కాకి చేపల వాసన పట్టింది. ఆ చొక్కాతోనే పాతిపెట్టారు. తోమిన కారు మాత్రం మర్నాడు పూలదండలతో ఇంటి ముందు నుంచే వెళ్లింది. ఆ వేళ ఆవిడకి నోరొచ్చింది. ఇప్పటిదాకా మూతపడలేదు.

నెల తిరక్కుండానే మార్కెట్ రేకుల షెడ్డు కింద, గుమ్మం పక్కన, ఖాళీ గంప ఒకటి పెట్టింది.

"ఏంటే వదినా ఇది?" అంది విజయకుమారి.

"బండి గంప. రోజూ వేలంపాట మొదలవకముందు తలా ఒక చేప ఇందులో పడాలి. అన్నీ అయ్యాక దీన్నీ పాట పెడతాను. వచ్చింది బండికి."

"ఏ బండికి?"

"రాబోయే బండికి."

ఆడాళ్లంతా నవ్వారు. ఒకావిడ, "నాకు మొగుడే లేడు కదే, నేనెందుకెయ్యాలి?" అంది.

"రోగం మొగుళ్లకే వస్తదని ఎవరు చెప్పారే నీకు? నీకు గుండెకాయ లేదా? ఉంటే ఎయ్యి. లేకపోతే లేదని పదిమందిలో చెప్పు, ఒదిలేస్తాను."

విజయకుమారి నవ్వకుండా ఒక కొయ్యింగ తీసి గంపలో వేసింది. రిక్షా తోసిన చేతులవి. ఆ తర్వాత మిగతావాళ్లూ వేశారు. సన్నటి చీరమేను చేపలు దొరికే రోజుల్లో అమ్మేవాళ్లు గ్లాసుతో కొలిచి పోసేవారు. రొయ్యలవాళ్లు గుప్పెడు వేసేవారు. ఒకసారి ఒకావిడ కళ్లు పీక్కుపోయిన చేప వేసి పోతుంటే జోసెఫిన్ దాన్ని తోక పట్టుకుని తెచ్చి ఆవిడ గంపలోనే పడేసింది. "రేపు నీకు బాగోలేకపోతే ఇలాంటి బండే పంపిస్తాను, ఎక్కుతావా?" అంది. ఆ గంపలోకి మళ్లీ కుళ్లిన చేప రాలేదు.

మూడో ఏడు ఒక పాత వ్యాను వచ్చింది. వెనక సీట్లు పీకేసి స్ట్రెచర్ బిగించారు. ఆటో తోలుకునే ఆనంద్ డ్రైవరుగా వచ్చాడు. జీతం తక్కువైనా ఉండిపోయాడు. ఫోను మాత్రం జోసెఫిన్ ఇంట్లోనే పెట్టారు. పెట్టారంటే ఎవరో పెట్టలేదు, ఆవిడే పట్టుకుపోయింది. "బండి లేదు" అన్న మాట ఆ ఫోనులోంచి ఏనాడూ వెళ్లకూడదని ఏబెల్ సమాధి దగ్గర అనుకుంది. ఇన్నేళ్లలో వెళ్లలేదు. వ్యాను చెడిపోతే ఎవరో ఒకర్ని తిట్టో, కాలర్ పట్టుకునో ఇంకో బండి పంపింది.

మొదట్లో జనం వ్యానుని గుమ్మం ముందుకి రానిచ్చేవారు కాదు. శవాన్ని తీసుకెళ్లడానికి వచ్చిందనుకుంటారని వీధి మొదట్లోనే ఆపమనేవారు. రోగిని అంతదూరం మోసుకొచ్చేవారు. జోసెఫిన్ ఊరుకుంటుందా? సైరన్ మోగించుకుంటూ నట్టింటిదాకా పోనిమ్మని ఆనంద్‌కి చెప్పింది. "పరువు కావాలా, ప్రాణం కావాలా?" అని గుమ్మంలో నిలబడి అడిగేది. నాలుగేళ్లకి జనమే ఎదురొచ్చి దారి చూపించడం మొదలెట్టారు.

యానాం పాండిచ్చేరిది, ఊరు దాటితే ఆంధ్రా. ఒక చోట ఇంటి ముందు గేటు పాండిచ్చేరిలో ఉంటే వెనక దొడ్డి ఆంధ్రాలో ఉంటుంది. బండి మన యానాం రేషను కార్డు ఉన్నవాళ్లకే పంపాలని ఒకాయన సలహా ఇచ్చాడు.

"గుమ్మంలో పడిపోయాడనుకోండి, ఏం చెయ్యమంటారు బాబూ? మధ్యకి కొయ్యమంటారా?" అంది జోసెఫిన్. సలహా ఇచ్చినాయన మళ్లీ మార్కెట్‌కి రాలేదు, చేపలకి పనివాణ్ణి పంపుతున్నాడు.

కరోనా వచ్చింది. ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి, గంపలో చేపలు పడటం ఆగింది. వ్యాను మాత్రం ఆగలేదు. రెండేళ్లకి గోదావరి పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు రోగుల్ని పడవలో తెచ్చి వ్యానెక్కించారు. అప్పటికి ఊరికి బండి అవసరం తెలిసొచ్చింది. మెట్టకూరు రొయ్యల చెరువుల వాళ్లు ఇచ్చారు, దుబాయ్‌లో ఉన్నవాళ్లు పంపారు. పాత వ్యాను పోయి ఆక్సిజన్ ఉన్న బండి వచ్చింది. ఐరన్ కొట్టు వెంకటరాజు ముందుకొచ్చి కమిటీ కట్టాడు, సంఘాన్ని రిజిస్టరు చేయించాడు. ఆయన తిరక్కపోతే ఆ కాగితాలు అయ్యేవి కావు. ఆ మాట జోసెఫిన్ ఒప్పుకుంటుంది. పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకుంటుంది.

పోయినేడు రెండో బండి వచ్చింది. కొత్తది. లోపల చూస్తే చిన్న ఆసుపత్రే. మంచం దానంతటదే లేస్తుంది, పల్స్ చూసే మెషిను ఉంది, వెన్ను విరిగినవాణ్ణి కదలకుండా పడుకోబెట్టే పలక ఉంది. నంబరు పలక బిగించారు, ఇన్సూరెన్సు కట్టారు, ఆయిలు పోశారు. కావలసింది రిబ్బను కత్తిరించడం ఒక్కటే. దానికొక పెద్దాయన రావాలన్నారు. ఆయనకి ఒకసారి జ్వరం, ఒకసారి మీటింగు. మూడు వారాలు బండి షెడ్డులో గుడ్డ కప్పుకుని కూర్చుంది.

ఇక్కడ జోసెఫిన్ చేసిన తప్పు ఒకటుంది. ఆవిడ దాన్ని దాచదు కాబట్టి ఇక్కడా దాచక్కర్లేదు.

స్టేజీ ఎక్కడెయ్యాలని కమిటీవాళ్లు అడిగితే, "షెడ్డు ముందరే ఎయ్యండి" అన్నది ఆవిడే. బండి షెడ్డు మార్కెట్ గోడని ఆనుకుని ఉంటుంది. ఒకటే ద్వారం. స్టేజీ మీద తను కూర్చుంటే వెనక కొత్త బండి కనపడాలి, రోడ్డున పోయేవాళ్లంతా ఆ రెండింటినీ కలిపి చూడాలి. పదిహేడేళ్ల కిందట కారు తుడుచుకున్నవాడు బతికుంటే వాడూ చూడాలి. "బండి ఎలా బయటికొస్తదే?" అని విజయకుమారి అడిగింది. "ఫంక్షనయ్యాక స్టేజీ పీకుతారుగా" అంది జోసెఫిన్. కొత్త పట్టుచీర కొనుక్కుంది. గర్వం కళ్లకి అడ్డమొస్తే ఎంతటి మనిషికైనా అంతే.

ఆ రోజు పొద్దున్న పది గంటలకి ఫంక్షను. ఇనప డ్రమ్ముల మీద బల్లలు పేర్చి స్టేజీ కట్టారు, పైన షామియానా, ఎర్ర తివాచీ, పెళ్లిళ్లకి వేసే రాజుల కుర్చీలు. బండికి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు అడ్డంగా రిబ్బను. పెద్దాయన పేరు చెక్కించిన నల్లరాయి పలక షెడ్డు గోడకి ఆనించి ఉంది. పాత బండి ఇంకో డ్రైవరుతో డయాలసిస్ రోగిని తీసుకుని ఆ పొద్దున్నే కాకినాడ వెళ్లింది. ఆసుపత్రి బండి ఇంకో కేసు మీద ఉంది.

తొమ్మిదిన్నరకి, వెంట తెచ్చుకున్న ఫోను స్టేజీ దగ్గరే మోగింది. జోసెఫిన్ పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఎత్తింది.

"బండి వస్తంది. ఎక్కడ?"

"మామ్మా, నేను భవానిని. అడవిపొలం. మా గోపి చెట్టు మీంచి పడిపోయాడు మామ్మా. మీ బండి ఫంక్షనుకే కొబ్బరిగెలలు కోత్తన్నాడు, స్టేజీకి కట్టడానికి. కాళ్లు కదపలేకపోతన్నాడు. ఆటో పిలిచాం..."

"ఆటో ఎక్కించకండే! వెన్ను గనక దెబ్బతిని ఉంటే, మడత పెడితే ఇంక లెగడు. కదపకుండా ఉంచు. బండి వస్తంది."

వస్తుందని రెండుసార్లు చెప్పేసింది. చెప్పి షెడ్డు వైపు చూసింది. బండికీ రోడ్డుకీ మధ్య ఎనిమిది డ్రమ్ములు, పాతిక బల్లలు, నాలుగు రాజుల కుర్చీలు. తనే వేయించింది.

వెంకటరాజు ఖద్దరు చొక్కా వేసుకుని బల్లల మీద గులాబీరేకులు చల్లిస్తున్నాడు.

"రాజుగారండీ, బండి బయటికి తియ్యాలి. గోపి చెట్టు మీంచి పడ్డాడంట."

"అయ్యో. పాత బండి ఏదీ?"

"కాకినాడలో ఉంది. ఇదే తియ్యాలి. స్టేజీ పీకించండి."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. "జోసెఫినమ్మా, పెద్దాయన కాకినాడ దాటేశారు. అరగంటలో ఇక్కడుంటారు. ప్రారంభం కాకుండానే బండి కదిలితే ఏం బావుంటది చెప్పు? శకునం కూడా చూడాలి కదా. కొత్త బండి, మొట్టమొదటే చెట్టు మీంచి పడ్డవాణ్ణి ఎక్కిస్తే..."

"ఎక్కిస్తే? తర్వాత ఎవరూ ఎక్కరంటారా?"

"అలా అనలేదు నేను. ఒక్క అరగంట. ఆయనే జెండా ఊపి తిన్నగా గోపి దగ్గరికే పంపిద్దాం. పేపర్లో కూడా బాగా వస్తది."

అరగంట. ఆ మాట ఆవిడ చెవిలో పడగానే మొహం మారిపోయింది. విజయకుమారి తర్వాత చెప్పింది: "మా వదిన తిడతదనుకున్నానండీ. తిట్టలేదు. అప్పుడే భయమేసింది నాకు."

జోసెఫిన్ చీర మోకాళ్లదాకా ఎత్తి దోపుకుని స్టేజీ ఎక్కింది. మైకు పట్టుకుంది. అది ఆన్‌లోనే ఉంది.

"విజయకుమారీ! మార్కెట్లో ఎంతమంది ఉంటే అంతమంది రండే, కత్తిపీటలు పట్టుకుని. బేరాలు తర్వాత. గోపి అక్కడ నేలమీద పడున్నాడు, బండి ఇక్కడ పెళ్లికూతురులా ముసుగేసుక్కూర్చుంది. ఈ స్టేజీ ఇక్కడెయ్యమన్నది నేనే. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి, అది తర్వాత కొడుదురుగాని. ముందు తాళ్లు కొయ్యండి!"

ఊరంతా వినపడేలా స్పీకర్లు కట్టించింది వెంకటరాజే. ఊరంతా విన్నది.

ఆడాళ్లు వచ్చారు. చేపల నీళ్లు కారుతున్న చేతులతో తాళ్లు కోశారు. షామియానా ఒక పక్కకి కూలింది, దాంతోపాటు కమిటీవాళ్ల ఫోటోలున్న పెద్ద ఫ్లెక్సీ కిందపడింది. "జాగర్తే, రాజుగారి మొహం తొక్కుతున్నావు" అంది ఒకావిడ. "పక్కకి జరగమను" అంది ఇంకో ఆవిడ. రాజుల కుర్చీలు రోడ్డు మీదకి దొర్లాయి. బల్లలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారాయి. డ్రమ్ములు దొర్లించారు. వెంకటరాజు ఒక బల్ల కొస పట్టుకుని లాగుతూ, "ఇది నా పరువు తియ్యడం కాదా?" అన్నాడు.

"పరువు మళ్లీ కట్టించుకోవచ్చండి, డ్రమ్ముల మీద. తప్పుకోండి" అంది జోసెఫిన్.

ఆయన బల్ల వదిలేశాడు. ఆనంద్ స్టార్ట్ చేశాడు. నిమ్మకాయలు చిట్లాయి, రిబ్బను బానెట్‌కి తగిలి తెగిపోయింది. కత్తెర వెండి పళ్లెంలో అలాగే ఉంది. జోసెఫిన్ పట్టుచీరతో వెనకెక్కి కూర్చుంది.

అడవిపొలంలో గోపి కోసిన గెలల పక్కనే వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. "గెలలు పాడవలేదు కదా మామ్మా?" అన్నాడు.

"నోరు ముయ్యి. గెలలూ వద్దు, ఫంక్షనూ వద్దు. కదలకు" అని ఆవిడే వాడి తల పట్టుకుంది. పలక మీదకి జరిపి, పట్టీలు బిగించి, బండెక్కించారు. భవాని ఏడుస్తూ ఎక్కింది. కాకినాడ రోడ్డు మీద ఎదురుగా నాలుగు కార్లు వరసగా వస్తూ సైరన్ విని రోడ్డు దిగి ఆగాయి. మొదటి కారులో దండ వేయించుకోవడానికి వస్తున్న పెద్దాయన ఉన్నాడు. తను ప్రారంభించాల్సిన బండికే ఆయన దారిచ్చాడు. బంతిపూల దండ చూసి ఏమనుకున్నాడో.

గోపికి నడుంలో ఆపరేషను చేశారు. అయిదు నెలలకి కర్ర పట్టుకుని నడిచాడు. చెట్టెక్కడం అయిపోయింది. ఇప్పుడు కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు, కూర్చుని. అరగంట ఆగి ఉంటే ఏమయ్యేదని జోసెఫిన్ డాక్టర్ని అడిగింది. "చెప్పలేమమ్మా" అన్నాడాయన. ఆ జవాబుకి ఆవిడకి ఇంకా కోపమొచ్చింది. ఏబెల్ డాక్టరు చెప్పగలిగాడు కదా, ఈయనకేం పోయింది?

పెద్దాయన కూలిన షామియానా పక్కన రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడట. కమిటీ కూర్చుని జోసెఫిన్‌కి ఉత్తరం పంపింది. అందరి ముందూ క్షమాపణ చెప్పాలి, ఫోను ఆఫీసులో అప్పజెప్పాలి, ఇకమీదట ఫోను ఎత్తడానికి టైములుంటాయి. విజయకుమారి చదివి వినిపిస్తే, "మళ్లీ చదువే, ఆ టైముల దగ్గర" అంది జోసెఫిన్. రెండోసారి విని, ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కిందపెట్టింది. డబ్బా ఒక పక్కకి ఒరుగుతోంది ఎప్పటినుంచో.

క్షమాపణ చెప్పలేదు. నెల చూసి, ఒక ఆదివారం మధ్యాహ్నం వెంకటరాజే వచ్చాడు, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని. జోసెఫిన్ వాకిట్లో కూర్చుని చేపలు కోస్తోంది. కత్తిపీట కింద నున్నటి నల్లరాయి ఉంది. దాని మీద బంగారు అక్షరాలు పొలుసు కింద మెరుస్తున్నాయి.

"అది ఆ పలకేనా?" అన్నాడు వెంకటరాజు.

"షెడ్డులో ఊరికే పడుంది. రాయి మంచిది, జారదు. రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఫోను ఇచ్చెయ్యి జోసెఫినమ్మా. నీ వయసు కూడా చూసుకోవాలి కదా. ఆఫీసులో చదువుకున్న అమ్మాయిని పెడతాం, పద్ధతిగా రాసుకుంటది."

"రాసుకోమనండి. నేనేం వద్దన్నానా? చచ్చినవాళ్ల పేర్లు కూడా పద్ధతిగా రాసుకోవచ్చు."

"ఇదిగో, ఈ నోరే..."

ఫోను మోగింది. అది గుమ్మం పక్కన గూట్లో ఉంది, వెంకటరాజుకి దగ్గరగా. జోసెఫిన్ చేతుల నిండా రక్తం, పేగులు. లేవబోయింది. మోకాలు పట్టేసింది. ఈలోపు ఆయనే ఎత్తాడు. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోనులోంచి ఎవరిదో ఆడగొంతు వాకిట్లోదాకా వినపడుతోంది, ఆయాసపడుతూ, మాట ముక్కలు ముక్కలుగా. ఇన్నేళ్లు కమిటీ నడిపిన మనిషి ఆ గొంతు వినడం అదే మొదలు. ఫోను చెవి మీంచి దించి, "ఏం... ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"వస్తందని చెప్పండి."

"ఎవరో తెలీదు, ఎక్కడో తెలీదు..."

"ముందు వస్తందని చెప్పండి!" అని అరిచింది జోసెఫిన్. వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయి.

"వస్తంది" అన్నాడు వెంకటరాజు ఫోనులో. మళ్లీ అన్నాడు. "బండి వస్తందమ్మా. ఎక్కడ?"

కర్రలవంతెన దగ్గరి వీధి. ఆనంద్‌కి కబురు వెళ్లింది. అయిదు నిమిషాలకి సైరన్ ఇంటి ముందు నుంచే వెళ్లింది. వెంకటరాజు ఇంకా ఫోను పట్టుకునే నిలబడి ఉన్నాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"గూట్లో పెట్టండి" అంది జోసెఫిన్, చేప తల కోస్తూ. "ఆ ఒక్క మాట చెప్పడానికి నాలుగు కుర్చీలు, ఒక షామియానా ఎందుకండీ మీకు?"

ఆయన గూట్లో పెట్టాడు.